బంగాళదుంప తొక్కల పిండితో ఫిల్మ్: ఎండగానే పగిలిపోతోంది, ఎవరైనా చేశారా?

ఎమ్మెస్సీ_మధుర:
కాలేజీ దగ్గర చిప్స్ కొట్టువాళ్లు పారబోసే తొక్కలు, దుంపలు కడిగిన నీళ్లు తెచ్చి పిండి (స్టార్చ్) తీశాను. పుండు మీద వేసే పల్చటి ఫిల్మ్ చేయాలని ప్రాజెక్టు. 5 గ్రాముల పిండి, 100 మి.లీ. నీళ్లు, అర మి.లీ. గ్లిజరిన్ కలిపి ఉడికించి ప్లేటులో పోశాను. రెండు రోజులకి గంజి ఎక్కువైన చీరలా ఫెళఫెళలాడి ముక్కలైంది. రివ్యూ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్_పాతకాపు:
గ్లిజరిన్ చాలలేదమ్మా. పిండి బరువులో 30 శాతం దాకా ఉండాలి, అంటే మీ 5 గ్రాములకి 1.2 మి.లీ. ఇంకా బాగా పెంచితే జిడ్డుగా చేతికంటుకుంటుంది, వానాకాలంలో చెమటలా బయటికొస్తుంది. ఇంకోటి, 65 డిగ్రీలకే చిక్కబడిందని దించేయకండి. 85-90 దగ్గర ఇరవై నిమిషాలు కలుపుతూ ఉంచాలి. లేకపోతే ఉడకని రేణువులు మిగిలి, అక్కడే చీలుతుంది.

పెద్దాపురం_చిన్నోడు:
మా నాన్న సగ్గుబియ్యం మిల్లులో చేసేవారు. అక్కడ కర్రపెండలం పాలు తొట్లలో పేరబెట్టి, పైనీళ్లు వంచి, మళ్లీ కలిపి పేరబెడతారు. మీరూ పైనీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి అక్కా. ఎండాకాలంలో రాత్రంతా వదిలేస్తే పులిసిపోతుంది, ఆ వాసన ఇక పోదు. నాకు రెండుసార్లు అయింది.

గుంటూరు_గృహిణి:
అన్నం వార్చిన గంజితో అవదా? రోజూ పారబోస్తున్నాం.

ల్యాబ్_పాతకాపు:
గంజిలో పిండి ఉడికిపోయి ఉంటుందండీ, ఇక అడుగున పేరదు. నేరుగా మరిగించి చిక్కబరిచి పోయొచ్చు గానీ అందులో పిండి ఎంతుందో తెలియక ప్రతిసారీ ఒక్కోలా వస్తుంది. చీరలకే వాడండి.

చిత్తూరు_టెంక:
మేం పల్ప్ ఫ్యాక్టరీ దగ్గర పడేసే తోతాపురి టెంకలు పగలగొట్టి, జీడితో చేశాం. పిండి బాగానే వచ్చింది కానీ వగరు పదార్థాల వల్ల గోధుమరంగు తిరిగింది. కొవ్వు కూడా ఉంటుంది, ముందు దాన్ని తీయకపోతే ఫిల్మ్ మచ్చలు పడుతుంది. టెంక పగలగొట్టడమే అసలు శిక్ష.

బయో_రీసెర్చర్_హైదరాబాద్:
మధురగారూ, ఫిల్మ్ సాగడం సులువు పని. పుండు మీద వేస్తామన్న మాట దగ్గరే నేను ఆగుతాను. తినే పదార్థం కదా, ఒంటికేం చేస్తుందనుకుంటాం. ఒకప్పుడు సర్జన్ల గ్లవ్స్‌కి మొక్కజొన్న పిండే పూసేవారు. అది పొట్టలో పడి చిన్న చిన్న గడ్డలు, పేగులు అతుక్కోవడం లాంటి ఇబ్బందులు తెచ్చింది. అలా పొడి పూసిన గ్లవ్స్‌ని అమెరికా 2017లో నిషేధించింది, కారణాల్లో అదొకటి. పిండి ఒంట్లో కరిగేదే, అమైలేజ్ అనే ఎంజైమ్ దాన్ని గ్లూకోజ్ వైపు విరిచేస్తుంది. కానీ ఏ రూపంలో, ఎక్కడ, ఏ మురికితో వెళ్లిందన్నది వేరే సంగతి.
మీ తొక్కల్లో పచ్చబడ్డవి ఉంటే తీసేయండి, సోలనిన్ అనే విషం ఉంటుంది. నీళ్లలోని బాక్టీరియా చచ్చినా దాని గోడలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థం మిగులుతుంది, 121 డిగ్రీల ఆటోక్లేవ్‌కి (ఆవిరితో క్రిములు చంపే యంత్రం) పోదు. పోగొట్టాలంటే 250 డిగ్రీల పొడి వేడి కావాలి, ఆ వేడికి మీ పిండి మాడిపోతుంది. అందుకే మొదటినుంచీ శుభ్రమైన నీళ్లు వాడాలి. కణాల పరీక్ష ఐఎస్‌ఓ 10993 (వైద్య పరికరాలు ఒంటికి సురక్షితమో కాదో తేల్చే ప్రమాణం) ప్రకారం చేయించండి. అది అయ్యేదాకా రిపోర్టులో "బయోకంపాటిబుల్" (ఒంటికి సరిపడేది) అని రాయొద్దు, ఎగ్జామినర్ మొదట పట్టేది అదే.

ఎమ్మెస్సీ_మధుర:
అమ్మో, టైటిల్లోనే రాసేశాను! మార్చేస్తాను.
గ్లిజరిన్ 1.2 వేసి మళ్లీ పోశాను. ఈసారి మడతపెట్టినా పగల్లేదు. కానీ ఉప్పునీళ్లలో వేస్తే పది నిమిషాల్లో ఉబ్బి జావైపోయింది. సిట్రిక్ యాసిడ్ వేస్తే నిలుస్తుందా?

ల్యాబ్_పాతకాపు:
నిలుస్తుంది, కానీ వేసి ఊరుకుంటే చాలదు. ఎండాక ఓవెన్‌లో 100 దాటిన వేడి తగలాలి, అప్పుడే పిండి అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడతాయి. మిగిలిన యాసిడ్ కడిగేయాలి, లేదంటే పుండు మీద మండుతుంది. ముందు చిన్న ముక్క మీద చూడండి.