అప్‌డేట్: సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పెద్దవాళ్లు ఊపిరితిత్తులతో పాటు ఏం చూపించుకోవాలి?

పై ప్రశ్నే నేను అడిగింది. (సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటే ఊపిరితిత్తుల్లో, క్లోమంలో చిక్కటి జిగురు పేరుకునే వంశపారంపర్య జబ్బు.) జవాబులు చదివి, డాక్టరుతో మాట్లాడాక తేలినవి ఇవి.

అన్నిటికంటే ముందు షుగరు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) మామూలుగా ఉందని ధీమాగా ఉండకండి, ఈ జబ్బులో అది అసలు కంటే తక్కువ చూపించవచ్చు. ఏటా గ్లూకోజ్ టాలరెన్స్ పరీక్షే చేయించాలి. 8 గంటలు పరగడుపున ఉండి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగాక 2 గంటలకు రక్తం ఇవ్వాలి. 200 మి.గ్రా. లేదా అంతకు మించితే డయాబెటిస్ కిందే లెక్క. లక్షణాలేవీ లేకపోతే ఇంకో రోజు మళ్లీ చూసి నిర్ధారిస్తారు. ఇన్ఫెక్షన్ తిరగబెట్టినప్పుడు షుగరు పెరుగుతుంది కాబట్టి, ఈ పరీక్ష ఒంట్లో కుదురుగా ఉన్నప్పుడే చేయించాలి.

క్లోమం దెబ్బతిని ఇన్సులిన్ చాలకపోవడమే మూలం, అందుకే చికిత్స కూడా ఇన్సులినే. దయచేసి తిండి మాత్రం తగ్గించకండి! బరువు తగ్గితే ఊపిరితిత్తుల పనితీరూ పడిపోతుంది.

ఎముకల సాంద్రతకు డెక్సా స్కాన్, దాంతోపాటు విటమిన్ డి పరీక్ష. పెద్దపేగు క్యాన్సర్ కోసం కొలొనోస్కోపీ 40 ఏళ్లకే మొదలుపెట్టాలి, అవయవ మార్పిడి అయినవాళ్లు 30కే. టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పదేపదే తీసుకున్నవాళ్లు వినికిడి, కిడ్నీలు చూపించుకోవాలి.

పొట్టలో కుడివైపు కింద నొప్పి, వాంతులు, విరేచనం ఆగిపోవడం కలిసి వస్తే పేగు అడ్డుపడిందేమో. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.