దావిన్సీ కోడ్ చూసిన యూత్ పిల్లలకు ఏం చెప్పాలి?

సండేస్కూల్ టీచర్: అందరికీ వందనాలు. మా యూత్‌లో డిగ్రీ చదివే పిల్లలు నలుగురు దావిన్సీ కోడ్ (యేసుకు పెళ్లయిందని చెప్పే ఇంగ్లీషు నవల మీద తీసిన సినిమా) ఫోన్‌లో చూశారట. మొన్న కూటం అయ్యాక "అక్కా, యేసుప్రభువుకు పెళ్లయిందా?" అని అడిగారు. అయ్యగారు "అలాంటివి చూడకూడదు" అని ప్రార్థన చేసి పంపేశారు. నేనూ వాళ్లతో కూర్చుని చూడనా? ఇళ్లల్లో చెప్పాలా?

గుంటూరు గోంగూర: మేం 2006లోనే రోడ్డెక్కాం సిస్టర్. జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది కూడా. మనవాళ్లు ఒక్కమాట మీద ఉంటే ఎట్లా ఉంటుందో అప్పుడు చూశాం.

పాత సీడీ: అదే నెలలో హైకోర్టు ఆ నిషేధం కొట్టేసిన సంగతి మింగేశారేం? సెన్సార్ వాళ్లు పెద్దలకు మాత్రమే అనే 'ఎ' సర్టిఫికెట్ ఇచ్చి, ఇదంతా కల్పితమని తెర మీద వేయించారు కూడా. నిషేధం వార్త వచ్చేదాకా మా సందులో ఆ సినిమా పేరే ఎవరికీ తెలీదు. తర్వాత సీడీ షాపువాడు తెల్ల కవర్లో పెట్టి 30 రూపాయలకు అమ్మాడు. మొదటి గిరాకీ మా క్వయర్ మాస్టారే.

గుంటూరు గోంగూర: వెటకారం వద్దు. పొద్దుటి నుంచి ఎండలో నిలబడ్డాం.

పాత సీడీ: సినిమా చూశారా మరి?

గుంటూరు గోంగూర: బురద అని తెలియడానికి అందులో దిగాలా?

ఆర్‌సీఎం అబ్బాయి: మీకందరికీ పెళ్లి సంగతే పట్టింది. మా బాధ వేరు. ఆ సినిమాలో ఓపస్ దేయి అనే మా క్యాథలిక్ సంస్థ సన్యాసి కొరడాతో తన్ను తానే కొట్టుకుంటాడట, హత్యలు చేస్తాడట! 1928లో స్పెయిన్‌లో పుట్టిన ఆ సంస్థలో ఎక్కువమంది పెళ్లాంపిల్లలతో, ఉద్యోగాలతో బతికే మామూలు జనం. అసలు సన్యాసులే లేరు. మా ఆఫీసులో ఒకాయన ఏడాదిపాటు నన్ను "ఏం స్వామీ, కొరడా తెచ్చావా?" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఏం చేస్తాం?

బీడీ పట్టా: నేను థియాలజీ చదివినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. అసలు పాయింట్ నైసియాలో జరిగిన బిషప్పుల సభ. క్రీ.శ. 325లో యేసు దేవుడా కాదా అని ఓటింగ్ పెట్టారు, బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో కూడా అక్కడే తేల్చారు. పిల్లలకు ఈ చరిత్ర చెప్పండి, చాలు.

లెక్కల మాస్టారు: బ్రదర్, ఆ నవల చెప్పే మాటే మీరూ చెబుతున్నారు! అక్కడి గొడవ అరియస్ అనే పాదిరి బోధ మీద. కుమారుడు సృష్టింపబడ్డవాడా, తండ్రితో సమానుడా అని. సభ తీర్మానం మీద చివరిదాకా సంతకం పెట్టని బిషప్పులు ఇద్దరే. పుస్తకాల జాబితా అక్కడ తేల్చనే లేదు. మనకున్న కొత్త నిబంధన 27 పుస్తకాల పట్టీ 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనేసియస్ రాసిన ఉత్తరంలో ఉంది.

బీడీ పట్టా: మా ప్రొఫెసర్ గారు చెప్పిందే చెప్పాను. తమరు ఏ సెమినరీలో చదివారో?

లెక్కల మాస్టారు: ఏ సెమినరీ లేదు. 325 తర్వాతే 367 వస్తుందని మాత్రం తెలుసు.

బీడీ పట్టా: ఇలాంటివాటికి జవాబివ్వను.

సండేస్కూల్ టీచర్: అయ్యా, నా ప్రశ్న...

కొత్త కోడలు: ఇంగ్లీషు సినిమా సరే, పాస్టర్లను కామెడీకి వాడుకునే మన సినిమాల సంగతేంటి? "ప్రైజ్ ది లార్డ్" అనగానే హాలంతా నవ్వు. మా అత్తగారు హిందువు. ఆవిడా నవ్వి, నా మొహం చూసి టక్కున ఆపేసింది. నాకు ఆ ఆపడమే గుచ్చుకుంది.

పాత సీడీ: అమ్మా, మన మైకుల గోల వింటే నాకూ నవ్వొస్తుంది.

గుంటూరు గోంగూర: ఇదిగో, ఇంటి దొంగలు! 1978లో కరుణామయుడు వస్తే అన్ని మతాలవాళ్లూ చూశారు. విజయచందర్ గారి ఫొటోనే మా నాయనమ్మ ప్రభువు ఫొటో అనుకుని చివరిదాకా మంచం పక్కన పెట్టుకుంది.

ఆర్‌సీఎం అబ్బాయి: మా ఇంట్లో అది క్యాలెండరు!

సండేస్కూల్ టీచర్: సరే, ఆదివారం సాయంత్రం పిల్లలతో కూర్చుని చూస్తున్నా. మాస్టారూ, ఆ 325, 367 సంగతి కాస్త వివరంగా రాసి పెడతారా?

లెక్కల మాస్టారు: రాత్రికి పెడతానమ్మా.

గుంటూరు గోంగూర: అయ్యగారికి చెప్పే చూస్తున్నారా?