గట్టిగా బ్రేకు వేస్తే పాత కారు ఇంజిన్ ఆగిపోతోంది: లోపాన్ని ఎక్కడ వెతకాలి?

ప్రశ్న:
నా పెట్రోలు కారుకు ఇరవై ఏళ్లు దాటాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు. మామూలుగా నడిచేటప్పుడు ఏ లోపమూ కనిపించదు. నెమ్మదిగా బ్రేకు వేసి ఆపినా ఇంజిన్ ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా తిరిగే స్థితిలో) నిలకడగానే ఉంటుంది. కాని ఎదుట ఏదైనా అడ్డు వచ్చి ఒక్కసారిగా గట్టిగా బ్రేకు తొక్కితే, క్లచ్ పూర్తిగా తొక్కి ఉన్నప్పటికీ, కారు ఆగేలోపే ఇంజిన్ ఆగిపోతుంది. వెంటనే సెల్ఫ్ కొడితే మళ్లీ స్టార్టవుతుంది. స్పార్క్ ప్లగ్గులు, పెట్రోలు ఫిల్టరు మార్పించినా ప్రయోజనం లేకపోయింది. చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదు. ఇక పెట్రోలు పంపు మార్చాలని మెకానిక్ అంటున్నారు. ఆ ఖర్చుకు ముందే కారణాన్ని తేల్చుకొనే మార్గం ఉందా?

మొదటి జవాబు:
పంపు జోలికి ఇప్పుడే వెళ్లకండి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు రెండు వేర్వేరు విషయాలు జరుగుతాయి: పెడల్ కదలడం ఒకటి, వేగం హఠాత్తుగా తగ్గి కారులో ఉన్నవన్నీ ముందుకు తూలడం మరొకటి. ఇంజిన్‌ను ఆపుతున్నది వీటిలో ఏదో ముందు విడదీయాలి. కారును చదునైన చోట నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వేడెక్కిన ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా బ్రేకు పెడల్‌ను గట్టిగా తొక్కి చూడండి. అప్పుడు కూడా ఇంజిన్ ఆగినా, ఆగబోతున్నట్టు వణికినా, మొదట అనుమానించవలసినది బ్రేకు బూస్టర్‌ను, అంటే మన కాలి బలానికి తోడై బ్రేకును తేలిక చేసే భాగాన్ని. బూస్టర్ పనిచేసేది ఇంజిన్ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల భాగం)లోని వాక్యూమ్‌తో కాబట్టి, బూస్టర్‌లోని రబ్బరు డయాఫ్రమ్ (పలచని పొర) చిరిగితే పెడల్ తొక్కినప్పుడల్లా బయటి గాలి లెక్కకు రాకుండా ఇంజిన్‌లోకి చొరబడి, గాలితో పోలిస్తే పెట్రోలు వాటా తగ్గిపోయి, ఇంజిన్ ఆగుతుంది. పెడల్ దగ్గర బుస్సుమనే శబ్దం వినిపించవచ్చు.

బూస్టర్‌ను విప్పకుండానే పరీక్షించవచ్చు. ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా పలుమార్లు తొక్కి, కాలు దానిమీదే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. ఆ తరువాత పెడల్ తొక్కిపట్టి ఇంజిన్ ఆపితే, 30 సెకన్లపాటు పెడల్ పైకి లేవకూడదు. లేస్తే లోపల గాలి కారుతున్నట్టే. బూస్టర్ వాక్యూమ్ గొట్టాన్ని నొక్కి మూసి కూడా తేడా చూస్తారు. అది నిలిపి ఉంచిన కారుకే పరిమితం, ఆ స్థితిలో బండిని ఒక్క అడుగు కూడా నడపకూడదు.

రెండో జవాబు:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక మెలిక చెప్పాలి. లోపలికి వెళ్లే గాలిని నేరుగా మీటరుతో కొలిచే ఇంజిన్లలోనే ఇలాంటి లీకు వల్ల పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడుతుంది. మ్యానిఫోల్డ్‌లోని పీడనాన్ని చూసి పెట్రోలు నిర్ణయించే ఇంజిన్లలో ఆ అదనపు గాలి కూడా లెక్కలోకి వస్తుంది కనుక, ఐడిలింగ్ వేగం పడిపోవడానికి బదులు పెరగడమే ఎక్కువగా కనిపిస్తుంది. మీది ఏ రకమో ముందు చూసుకోండి.

నిలిపి ఉంచి తొక్కినప్పుడు ఏమీ కాకపోతే ట్యాంకును గమనించండి. పెట్రోలు పావు ట్యాంకు కంటే తక్కువ ఉన్నప్పుడే ఇలా జరుగుతుంటే, అది ముందుకు పారి పంపు పీల్చే చోటు ఒక క్షణం ఖాళీ అవుతోందని అర్థం. ట్యాంకు నింపి నడిపితే చాలు, రూపాయి ఖర్చు లేకుండా తేలిపోతుంది. ఇంజెక్షన్ లేని కార్బ్యురేటర్ బండి అయితే ఫ్లోట్ మట్టాన్ని, అంటే కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు ఎంత ఎత్తున నిలుస్తోందో చూడమనేవాణ్ణి. మట్టం ఎక్కువైతే పెట్రోలు పొర్లి ఇంజిన్ ఉక్కిరిబిక్కిరవుతుంది, తక్కువైతే పెట్రోలును వదిలే సన్నని రంధ్రానికి (జెట్‌కు) అందదు.

మూడో జవాబు:
నాది ఆటోమేటిక్ గేర్ల కారు. అటువంటి వాటిలో ఇంజిన్‌ను గేర్‌బాక్సుకు కలిపే టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ విడిపోకుండా ఇరుక్కుంటే, మాన్యువల్ కారును క్లచ్ తొక్కకుండా ఆపినట్టే ఇంజిన్ ఆగుతుంది. మీకు ఇది వర్తించకపోయినా, ఇదే ఇబ్బందితో ఇటు వచ్చేవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. నిలిపి ఉంచి ఎంత గట్టిగా తొక్కినా ఇంజిన్ చలించలేదు. పెడల్ పరీక్షలు రెండూ సరిగానే వచ్చాయి. ట్యాంకు నింపాక, వెనుక ఎవరూ లేని ఖాళీ స్థలంలో ప్రయత్నిస్తే మళ్లీ ఆగింది. నా కారులో ఎయిర్ ఫిల్టరు దాటాక గాలిని కొలిచే మీటరు ఉంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అయితే పెడల్ కాదు, పెట్రోలు కూడా దాదాపు కాదు; ముందుకు తూలుతున్నది ఇంజినే అనుకుంటాను. ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బర్లు చిరిగితే, గట్టిగా బ్రేకు పడినప్పుడు ఇంజిన్ తన చోటు నుంచి కదిలి, బాడీకి బిగించి ఉన్న ప్రతిదాన్నీ లాగుతుంది. ముందుగా చూడవలసినది గాలి మీటరుకూ థ్రాటిల్ బాడీకీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగానికీ) మధ్య ఉండే ముడతల రబ్బరు పైపును. ముడతల లోతుల్లో, అందులోనూ కింది వైపున పగులు ఉంటే పైనుంచి కనిపించదు, ఇంజిన్ కదిలినప్పుడే నోరు తెరుస్తుంది. విప్పి చేతితో వంచి చూడవలసిందే. ఆ తరువాత బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ వైరు, సెన్సర్ల కనెక్టర్లు చూడండి. ఐడిలింగ్‌లో ఉండగా వైర్లను మెల్లగా కదిపి చూడవచ్చు గాని, ఫ్యాను, బెల్టుల దగ్గరకు చేయి పోనివ్వకండి.

ఇది తేలేవరకు బండిని అవసరానికి మించి తీయకండి. నడుస్తుండగా ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది. అందుకని అటువంటప్పుడు పెడల్‌ను వదిలి మళ్లీ తొక్కకుండా అలాగే నొక్కి ఉంచాలి.

ప్రశ్న అడిగినవారు:
పైపు కింది వైపున, క్లిప్పుకు దగ్గరగా పొడవాటి పగులు ఉంది. ముందువైపు మౌంటింగ్ రబ్బరు కూడా లోహం నుంచి ఊడిపోయింది. ప్రస్తుతానికి పైపు ఒక్కటే మారిస్తే సరిపోతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
సరిపోదు. మౌంటింగ్ అలాగే ఉంటే కొత్త పైపు కూడా అక్కడే చిరుగుతుంది. రెండూ ఒకేసారి మార్పించి, మిగతా మౌంటింగులను కూడా చూడమనండి. ఒకటి ఊడినప్పుడు అది మోసే బరువంతా వాటిమీదే పడి ఉంటుంది.