సుడో లేకుండ డిస్క్ ఇమేజ్‌లోంచి ఫైళ్లు ఎట్ల తీయాలె?

హన్మకొండ_ల్యాబ్:
అన్నలూ, కాలేజీ ల్యాబ్‌ల ఉబుంటు 22.04 ఉన్నది. స్టూడెంట్ లాగిన్ తప్ప సుడో (అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపే వీలు) లేదు. రాస్ప్‌బెర్రీ పై కార్డ్ మొత్తం కాపీ చేసిన 16 జీబీ ఇమేజ్ (పై.ఐఎంజీ) నా దగ్గర ఉన్నది. అందుల ప్రాజెక్ట్ ఫోల్డర్, బూట్ భాగంల కాన్ఫిగ్ ఫైల్ కావాలె. మౌంట్ (ఇమేజ్‌ను డిస్క్ లెక్క సిస్టమ్‌కు తగిలించే కమాండ్) కొడితే రూట్ (అడ్మిన్) కావాలంటున్నది. జిప్ ఫైళ్లు విప్పే సెవెన్‌జిప్‌తో తెరిస్తే 0.ఫ్యాట్, 1.ఐఎంజీ అని రెండే కనిపిస్తున్నయి. ఇగ ఏం చెయ్యాలె?

కాజీపేట_టక్స్:
సగం పని అయిపోయింది తమ్మీ. ఆ రెండూ పార్టిషన్లే, అంటే కార్డ్‌ల విడివిడి భాగాలే. 0.ఫ్యాట్ బయటికి తీసి మళ్లీ సెవెన్‌జిప్‌తోనే తెరువు, కాన్ఫిగ్ ఫైల్ దొరుకుతది. 1.ఐఎంజీ లోపల ఉన్నది ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్‌సిస్టమ్, అంటే ఫైళ్లను అమర్చే పద్ధతి), దాన్ని కూడ అట్లనే తెరవొచ్చు. కాకపోతే స్లాష్‌తో మొదలయ్యే సింబాలిక్ లింకులను (వేరే ఫైల్‌కు దారి చూపేవి) ప్రమాదకరమని వదిలేస్తది, ఎర్రర్ చూసి భయపడకు.

మౌంట్‌కు రూట్ ఎందుకంటే, ఫైల్‌సిస్టమ్‌ను చదివేది కర్నెల్, అంటే సిస్టమ్ గుండెకాయ. కావాలని చెడగొట్టిన ఇమేజ్ ఇస్తే కర్నెలే కూలొచ్చు. నీకు మౌంట్ అక్కర లేదు, ఇమేజ్‌ను మామూలు ఫైల్ లెక్క చదివితే చాలు.

ములుగురోడ్:
1.ఐఎంజీ బయటికి తీస్తే ఇంకో 15 జీబీ దాక జాగ కావాలె, ల్యాబ్ కోటాల అంత ఉండది. తీయకుండనే చదవొచ్చు. ముందు:

ఎఫ్‌డిస్క్ -ఎల్ పై.ఐఎంజీ

మన సొంత ఫైలే కాబట్టి దీనికి సుడో అడగది. రెండో పార్టిషన్ స్టార్ట్ (ఎన్నో సెక్టార్ కాడ మొదలైతదో) చూడు. 532480 అని ఉంటే, ఒక్కో సెక్టార్ 512 బైట్లు కాబట్టి 512తో గుణిస్తే 272629760 బైట్లు, ఇదే ఆఫ్‌సెట్. నీ ఇమేజ్‌ల అంకె వేరే ఉండొచ్చు, నాది కాపీ కొట్టకు. తర్వాత హోమ్‌ల "బయటికి" అని ఖాళీ ఫోల్డర్ చేసి, ఈఎక్స్‌టీ4ను నేరుగ చదివే డీబగ్‌ఎఫ్‌ఎస్ నడుపు:

డీబగ్‌ఎఫ్‌ఎస్ -ఆర్ "ఆర్‌డంప్ /హోమ్/పై/ప్రాజెక్ట్ బయటికి" 'పై.ఐఎంజీ?ఆఫ్‌సెట్=272629760'

-ఆర్‌ల ఆర్ పెద్దక్షరం. ప్రశ్నార్థకం ఉన్న పేరును కోట్స్‌ల పెట్టాలె, కొన్ని షెల్‌లు దాన్ని వేరే తీరు అర్థం చేసుకుంటయి. "బయటికి" ముందే లేకపోతే ఎర్రర్ వస్తది. ఓనర్ మార్చలేకపోతున్న అని లైన్లకు లైన్లు మెసేజ్‌లు పడతయి. పట్టించుకోకు, ఫైళ్లు వస్తయి, నీ పేరు మీదనే ఉంటయి.

ఇది మౌంట్ కన్న నయం ఇంకో కారణానికి: హోమ్ ఫోల్డర్ 700 పర్మిషన్‌తో (ఓనర్‌కే ప్రవేశం), 1000 యూఐడీతో (యూజర్ నంబర్) ఉండి, ల్యాబ్‌ల నీ యూఐడీ వేరే అయితే, మౌంట్ అయినా లోపలికి పోనీయది. డీబగ్‌ఎఫ్‌ఎస్ ఆ పర్మిషన్లు చూడనే చూడది.

కాజీపేట_టక్స్:
అవును. బూట్ భాగానికి ఎమ్‌టూల్స్ (ఫ్యాట్ డిస్క్‌లను చదివే టూల్స్) ఉంటే అది కూడ ఆఫ్‌సెట్ తీసుకుంటది: ఎమ్‌కాపీ -ఐ పై.ఐఎంజీ@@4ఎం. ఈ 4ఎం 8192 సెక్టార్ స్టార్ట్‌కు మాత్రమే సరి.

పోచమ్మమైదాన్:
ఒక్కటి మరిచిన్రు. పై నడుస్తుండగ కార్డ్ గుంజినా, పవర్ తీసినా, చివర రాసినవి జర్నల్‌లనే (రాసే ముందు పెట్టుకునే చిట్టా) ఉండిపోయి ఫైల్ పాతదో ఖాళీదో కనిపించొచ్చు. అప్పుడు 1.ఐఎంజీని బయటికి తీయక తప్పదు. దాని మీద ఫైల్‌సిస్టమ్‌ను సరిచేసే ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్‌వై నడిపి మళ్లీ చూడాలె. దీనికీ రూట్ అక్కర లేదు. అసలు ఇమేజ్ మీద మాత్రం నడపకు, అది రాసి మార్చేస్తది.

సిస్టమ్ ముందు కూసొని ఉంటే యూడిస్క్స్‌సీటీఎల్ లూప్-సెటప్ -ఆర్ -ఎఫ్ పై.ఐఎంజీ కొడితే ఫైల్ మేనేజర్‌లనే పార్టిషన్లు వస్తయి. ఎస్‌ఎస్‌హెచ్‌ల (దూరం నుంచి లాగిన్) నుంచి కొడితే మాత్రం అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతది.

హన్మకొండ_ల్యాబ్:
ఆర్‌డంప్‌తో ప్రాజెక్ట్ మొత్తం వచ్చింది. నా ఇమేజ్‌ల స్టార్ట్ 1056768 ఉన్నది, బూట్ 512 ఎంబీది. పెన్‌డ్రైవ్‌కు తీసుకపోతే సరిపోతదా?

ములుగురోడ్:
పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ అయితే లింకులు, ఎగ్జిక్యూట్ పర్మిషన్లు పోతయి. టార్ కట్టి (అన్నిటిని ఒకే ఫైల్‌గ) వెయ్యి.