36 ఏళ్ల తరువాత వచ్చిన ‘బీటిల్‌జ్యూస్’ రెండో భాగం: మొదటిది చూడనివారికి అందుతుందా?

ప్రశ్న (నల్లగొండ అధ్యాపకుడు)

మా డిగ్రీ విద్యార్థుల సినిమా బృందానికి ఈసారి భయాన్నీ హాస్యాన్నీ కలిపిన చిత్రాలను పరిచయం చేయాలని అనుకుంటున్నాను. 2024 సెప్టెంబరులో విడుదలైన ‘బీటిల్‌జ్యూస్ బీటిల్‌జ్యూస్’లో జెనా ఒర్టెగా నటించినందున దానినే చూపమని విద్యార్థులు కోరుతున్నారు. టిమ్ బర్టన్ 1988లో తీసిన మొదటి చిత్రం పేరు మాత్రం వారిలో చాలామంది వినలేదు. రెండోదాన్ని నేరుగా చూపితే కథ వారికి పట్టుబడుతుందా? దయ్యమంటే పగ తీర్చుకోవడానికి తిరిగి వచ్చేదేనన్న కథలు చూస్తూ పెరిగిన పిల్లలు ఈ తరహా హాస్యాన్ని ఆస్వాదించగలరా? రెండు చిత్రాలనూ చూసినవారు తమ అభిప్రాయం చెప్పగలరని మనవి.

జవాబు 1 (మిర్యాలగూడ పాఠకుడు)

అధ్యాపకుల వారికి నమస్కారం. మొదటి చిత్రాన్నే ముందు చూపండి. అది గంటన్నర మాత్రమే.

అందులో దయ్యాలే ఇంటి యజమానులు, బతికున్నవాళ్లే వారికి పట్టిన పీడ. ఒక యువ దంపతుల కారు వంతెన మీది నుంచి నదిలో పడిపోతుంది. తాము చనిపోయామన్న సంగతి కూడా తెలియకుండానే వారు ఇంటికి తిరిగి వస్తారు, చనిపోయినవారి కోసం రాసిన ఒక నియమావళి పుస్తకం చూసి అసలు విషయం గ్రహిస్తారు. 125 ఏళ్లపాటు ఆ ఇంట్లోనే ఉండాలి, గడప దాటితే ఇసుకలో పెద్ద పెద్ద పాములవంటి జీవులు మింగడానికి వస్తాయి. ఇంతలో నగరం నుంచి వచ్చిన ఒక కుటుంబం ఆ ఇంటిని కొని, తమ అభిరుచికి తగ్గట్టు గోడలూ సామానూ మార్చడం మొదలుపెడుతుంది. సాయం కోరి పరలోక కార్యాలయానికి వెళ్లిన దంపతులకు అక్కడ కనిపించేది నిప్పులూ కొరడాలూ కాదు, వంతు కోసం చీటీ పట్టుకొని ఎదురుచూసే గది. ఎవరు ఎలా చనిపోయారో అదే రూపంలో కుర్చీల్లో కూర్చొని ఉంటారు.

మీ రెండో సందేహానికి సమాధానం ఇక్కడే ఉన్నదని నా నమ్మకం. పరలోకాన్ని ఒక కచేరీగా, చావును ఒక చిట్టాగా చూసి నవ్వుకోవడం మన ప్రేక్షకులకు ఎప్పటినుంచో అలవాటు. 1977లో వచ్చిన ‘యమగోల’లో కైకాల సత్యనారాయణ యముడిగా, అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడిగా మన ఇళ్లలో మాటకు మాట గుర్తుండిపోయారు. ‘యముడికి మొగుడు’ కూడా సరిగ్గా 1988లోనే విడుదలైంది. అయితే మన కథల్లో నాయకుడు యముడినే నిలదీసి గెలుస్తాడు, బర్టన్ కథలో నిలదీయడానికి ఎదురుగా ఎవరూ ఉండరు, ఓపికగా కూర్చోవడమే మిగులుతుంది. ఈ తేడాను చర్చకు పెడితే విద్యార్థులు తప్పక మాట్లాడతారు.

జవాబు 2 (పాలమూరు ప్రేక్షకురాలు)

మిర్యాలగూడ వారి మాట నిజమే. కానీ అంత గొప్పగా చెప్పిన ఆ దంపతులే రెండో భాగంలో లేరు. వారు ఏదో వెసులుబాటు దొరికి వెళ్లిపోయారని ఒక్క మాటలో తేల్చేశారు, నాకు మనసు చివుక్కుమన్నది. పెత్రమాస నాడు పెద్దల పేరున బియ్యం ఇచ్చే ఇళ్లలో పెరిగినందువల్లనేమో, చనిపోయినవారు ఇంటిని కనిపెట్టుకొని ఉండటమే నాకు ఆ మొదటి కథలోని ఆత్మగా తోచింది.

రెండో భాగంలో పాత్రలు కూడా ఎక్కువయ్యాయి. ముక్కలైన తన శరీరాన్ని తానే కూర్చుకొని లేచే మోనికా బెలూచి పాత్ర ప్రవేశం అద్భుతంగా ఉంటుంది, ఆ తరువాత ఆమెకు చేయడానికి పెద్దగా పని ఉండదు. మొదటి చిత్రంలో బీటిల్‌జ్యూస్ అనే అల్లరి దయ్యంగా వేసిన మైకేల్ కీటన్ తెరమీద ఉండేది ఇరవై నిమిషాలకు లోపే. ఆ పొదుపు వల్లనే అతని రాకకు అంత బలం వచ్చింది.

అయినా ఈ చిత్రాన్ని చూపవలసిన కారణం ఒకటున్నది, అది వినోనా రైడర్ పాత్ర. ఆ ఇల్లు కొన్న కుటుంబంలోని అమ్మాయిగా నాడు దయ్యాలతో స్నేహం చేసిన లిడియా నేడు టీవీలో దయ్యాల కార్యక్రమం నడిపే తల్లి. కూతురు ఆస్ట్రిడ్ (జెనా ఒర్టెగా) ఆమెను నమ్మదు. లోకంలోని దయ్యాలన్నీ అమ్మకు కనిపిస్తాయట, చనిపోయిన నాన్న మాత్రం కనిపించడట! ఆ పిల్ల కోపం ఎంత న్యాయమైనదో మీ విద్యార్థులకు ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు. తల్లి ఒకప్పుడు ఎలాంటి పిల్లో చూసి ఉంటేనే ఆ తల్లీకూతుళ్ల మధ్య దూరం మనసుకు తగులుతుంది, కాబట్టి వరుస మార్చవద్దు.

జవాబు 3 (దేవరకొండ నుంచి)

మేకప్ సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. మొదటి చిత్రానికి మేకప్ విభాగంలో ఆస్కార్ వచ్చింది. రెండోదానిలోనూ బర్టన్ కంప్యూటర్ బొమ్మల మీద ఎక్కువగా ఆధారపడకుండా తోలుబొమ్మల వంటి చేతిపనినే నమ్ముకున్నాడు. లిడియా తండ్రి చనిపోయే ఘట్టాన్ని బొమ్మలను ఒక్కొక్క ఫ్రేముకు కదిలిస్తూ చిత్రీకరించారు. విడుదలనాటికి కీటన్ వయసు 73, అయినా ఆ కుళ్లిన ముఖం వెనుక వయసు తెలియదు. మొదటి చిత్రంలో అతిథులందరూ తమ ప్రమేయం లేకుండానే పాటకు ఆడే భోజన సన్నివేశాన్నీ, రెండోదానిలో అదే తీరున పాటతో నడిచే చర్చి పెళ్లి సన్నివేశాన్నీ పక్కపక్కన వేసి చూపండి. ఒకే ఉపాయం మొదటిసారి ఎందుకు ఆశ్చర్యపరిచిందో, రెండోసారి ఎక్కడ సాగినట్లు అనిపించిందో చర్చించవచ్చు.

నల్లగొండ అధ్యాపకుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక శనివారం మొదటిది, మరుసటి శనివారం రెండోది చూపుతాను, మధ్యలో ‘యమగోల’లోని యమసభ సన్నివేశం కూడా వేస్తాను. పరలోక కార్యాలయంలో సంభాషణలు వేగంగా సాగుతాయి కాబట్టి వాటిని ముందే తెలుగులో రాసి పిల్లలకు పంచాలని ఉన్నది. పాలమూరు అమ్మగారు ఆ రాతప్రతిని ఒకసారి చూసిపెట్టగలరా?