అర్జెంట్: శనివారం పాటల ప్రోగ్రామ్, హాల్ వాళ్ల మెయిల్ చూశారా?

వాసు, రాత్రి 9:10
ఫ్లయర్ పొద్దున్నే ప్రింటుకెళ్లాలి. రావు బాబాయిగారు వాళ్లు అమెరికాలో దిగింది 1970లో కాబట్టి, ఆ ఏడాది బిల్‌బోర్డ్ పత్రిక ఈజీ లిజనింగ్ చార్టులో (మెత్తటి పాటల వారం వారం జాబితా) మొదటి స్థానంలో నిలిచిన పాటలే అనుకున్నాం కదా. మైకులు, పులిహోర, కుర్చీలు, బ్యాడ్జీలు: ఎవరేది?

మాధవి, 9:24
కార్పెంటర్స్‌వి, అదే ఆ అన్నాచెల్లెళ్ల జంటవి, రెండూ నావి. ‘క్లోజ్ టు యూ’ ఆరు వారాలు, ‘వుయ్‌వ్ ఓన్లీ జస్ట్ బిగన్’ ఏడు. ఏడాదిలో పావు వంతు చెల్లెలు కారెన్ గొంతే! రెండోది బ్యాంకు ప్రకటనకి కట్టిన పాటట, తర్వాత పెళ్లిళ్లకెక్కింది.

సుధ, 9:40
ఆగండి. హాల్ వాళ్ల మెయిల్‌లో ఉంది, పాటలకి లైసెన్స్ కాగితం శుక్రవారంలోగా చూపించకపోతే మైకు ఆన్ చెయ్యనివ్వరట. ఆస్కాప్, బీఎంఐ అని పాటల హక్కుల డబ్బు వసూలు చేసే సంస్థలు, ఏ పాట ఎవరి కింద ఉంటే వాళ్లకి కట్టాలి.

వాసు, 9:43
పోయినేడు ఘంటసాల పాటలకి అడగలేదుగా?

ప్రసాద్, 9:51
ఉన్న డబ్బు భోజనాలకే బొటాబొటీ. హాల్ మాట్లాడినవాళ్లు కాంట్రాక్టు చదివుంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

సుధ, 9:53
మాట్లాడింది నేనే, పేరు పెట్టే అనండి. ఆరో పేజీలో ఉంది. కింద సంతకం మీది.

ప్రసాద్, 10:20
చూశా. నాదే. ఏమీ అనుకోకు సుధా.

రావుగారు, 10:31
అమ్మాయ్, ఆ చలికాలం నలుగురం ఒకే అపార్టుమెంటు, ఒకే రేడియో. తిప్పే బిరడా ఊడిపోతే పెన్సిల్ ముక్క గుచ్చి తిప్పేవాళ్లం. పెర్రీ కోమో ‘ఇట్స్ ఇంపాజిబుల్’ వింటూ కూర్చుంటే పొయ్యి మీద అన్నం మాడింది. అది స్పానిష్ పాటకి ఇంగ్లీషు మాటలని చాన్నాళ్లకి తెలిసింది. హాలెందుకు? మా గరాజ్ ఉంది, కార్లు బయట పెట్టిస్తా.

సుధ, 10:38
టికెట్ డబ్బులు వెనక్కిచ్చేసి, మన ఇళ్లవాళ్లమే కూర్చుంటే పబ్లిక్ ప్రోగ్రామ్ అనరు. డిపాజిట్ మాత్రం పోయినట్టే.

ప్రసాద్, 10:40
డిపాజిట్ నా లెక్కలో రాసుకోండి.

మాధవి, 10:44
మైకు లేకపోతే ఆన్ మర్రే ‘స్నోబర్డ్’ కూడా నేనే ఎత్తుకుంటా, అన్ని పాటల్లోకీ అదే తేలిక. బాబాయిగారూ, ఆ రేడియో ఉందా?

రావుగారు, 10:46
ఉంది. పెన్సిలే మార్చాం.

వాసు, 10:52
ఫ్లయర్ ఆపేశా. కుర్చీలు ఎవరివి వాళ్లే తెచ్చుకోండి. పులిహోర సంగతి ఎవరూ చెప్పలేదు.

రావుగారు, 10:55
మీ పిన్ని కలుపుతుందట. గరాజ్‌లో ఎడమవైపు మంచు పార ఉంటుంది, పిల్లల్ని అటు పోనివ్వకండి, పిడి వదులు.