ఖాళీ ఫ్లాట్లపై పన్ను వేస్తే హైదరాబాద్‌లో టు-లెట్ బోర్డులు పెరుగుతాయా?

పట్నంవాసి:
కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ టవర్లలో కొన్నప్పటి నుంచీ తాళం తియ్యని ఫ్లాట్లున్నాయి. ఇటు మాదాపూర్‌లో రెండు గదులు దొరక్క జనం హాస్టల్ బెడ్డుతో సర్దుకుంటున్నారు. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలోని పట్టణాల్లో 1.11 కోట్ల ఇళ్లు ఖాళీగా తేలాయి. అదే లెక్కలో పల్లె, పట్నం కలిపి దేశం మొత్తం మీద నిలువ నీడ లేనివాళ్లు 17.7 లక్షల మంది.

కెనడాలోని వాంకూవర్ నగరం 2017లో, ఏడాదిలో 6 నెలలకు మించి ఖాళీగా ఉన్న ఇంటిపై దాని విలువలో 1 శాతం పన్ను వేసింది. ఏడాది తిరిగేసరికి ఖాళీ ఇళ్లు 2,538 నుంచి 1,989కి దిగాయి. 2021లో ఆ పన్నును 3 శాతానికి పెంచారు. మన దగ్గర నడిచేది దీనికి తలకిందులు. ఇల్లు ఖాళీగా ఉందని దరఖాస్తు పెట్టుకుంటే జీహెచ్‌ఎంసీ వేకెన్సీ రెమిషన్ పేరుతో ఆస్తి పన్నులో సగం తగ్గిస్తుంది. ముందు దాన్ని ఎత్తేసి, రెండో ఇల్లు ఖాళీగా పెడితే పన్ను వెయ్యాలన్నది నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

లెక్కలపద్దు:
పన్ను దేని మీద వేస్తారో చెప్పకపోతే ఈ వాదన నిలవదండీ. జీహెచ్‌ఎంసీ నివాస పన్ను ఇంటి విలువ మీద కాదు, చదరపు అడుగుకు పాత రోజుల్లో ఖరారు చేసిన అద్దె రేటు మీద నడుస్తోంది. 1,500 చదరపు అడుగుల ఫ్లాటుకు రేటు రూ.1.50 అనుకుందాం. నెల అద్దె విలువ 2,250, ఏడాదికి 27,000. అందులో పన్ను 30 శాతం, అంటే 8,100. కొత్త భవనానికి తరుగు 10 శాతం తీసేసి, గ్రంథాలయ సెస్సు 8 శాతం కలిపితే సుమారు రూ.7,870. దీన్ని రెట్టింపు చేసినా ఇంకో ఎనిమిది వేలు. ఆ ఫ్లాటుకు 35 వేల అద్దె వస్తుందనుకుంటే, ఏడాదికి 4.2 లక్షలు వదులుకుంటున్న మనిషి ఎనిమిది వేలకు తాళం తీస్తాడా?

ఇంటి విలువ రూ.1.2 కోట్లనుకుంటే వాంకూవర్ లెక్కన 1 శాతం అంటే 1.2 లక్షలు. అప్పుడు కదులుతాడు. కానీ దానికి పన్ను మూలధన విలువ (అద్దె కాదు, ఇంటి మొత్తం విలువ) మీదికి మారాలి. ఆంధ్రప్రదేశ్ 2021 ఏప్రిల్ నుంచి మారింది. అక్కడ నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం, పన్ను ఏటా 15 శాతానికి మించి పెరగకుండా గీత కూడా గీశారు. తెలంగాణ ఆ పని చెయ్యకుండా ఖాళీ ఇళ్ల పన్ను గురించి మాట్లాడటం వృథా.

తాళాలు పడటానికి ఇంకో కారణం ఎన్నారై యజమానులు. యజమాని ఇక్కడే ఉంటే, అద్దె నెలకు 50 వేలు దాటినప్పుడే అద్దెదారు 2 శాతం టీడీఎస్ (అద్దె ఇచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపన్ను) కోస్తే సరిపోతుంది. అదే యజమాని డల్లాస్‌లో ఉంటే కనీస పరిమితే లేదు, 31.2 శాతం కొయ్యాలి. 35 వేల అద్దెలో 10,920 అన్నమాట. అద్దెదారు టాన్ నంబరు (పన్ను కోసేవాళ్లకు ఇచ్చే నంబరు) తీసుకోవాలి, మరుసటి నెల 7వ తేదీలోగా కట్టాలి, మూడు నెలలకోసారి రిటర్ను వెయ్యాలి. రెండేళ్లు ఉండి పోయేవాడు ఈ తలనొప్పి ఎందుకు పెట్టుకుంటాడు? దాంతో ఊళ్లో ఉన్న నాన్న పేరున అగ్రిమెంటు రాయించి, అద్దె ఆయన ఖాతాలో వేయిస్తారు. ఇల్లు కొడుకు పేరున ఉన్నప్పుడు అది తప్పు, నోటీసు వస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు. యజమాని ఆదాయపన్ను శాఖకు దరఖాస్తు చేసి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు గానీ, అదీ ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగా తేవాల్సిందే.

పైగా సొంతంగా ఉంటున్నామని చెప్పుకునే రెండిళ్లకు ఆదాయపన్ను లెక్కలో అద్దె విలువ సున్నా. 2025 బడ్జెట్ తర్వాత, ఏ కారణంతో అందులో ఉండకపోయినా సున్నాయే. అంటే రెండో ఇల్లు ఖాళీగా పెట్టినా పన్ను బెడద లేదు.

నల్లకోటు:
పన్ను కంటే ముందు, అద్దెకిస్తే మళ్లీ ఖాళీ చెయ్యరేమోనన్న యజమాని భయం సంగతి చూడాలి. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కార్పొరేషన్ పరిధిలో నెలకు రూ.3,500 దాటిన అద్దెలకు వర్తించదు. అంటే దాదాపు ఫ్లాట్లన్నీ ఆ చట్టం బయటే ఉన్నట్టు. అద్దెదారు కదలకపోతే 15 రోజుల నోటీసు, సివిల్ కోర్టులో దావా, వాయిదాలు, అప్పీలు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అందరూ 11 నెలల కాగితానికి అలవాటు పడ్డారు.

కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం దీనికి దారి చూపింది. రాతపూర్వక ఒప్పందం రెండు నెలల్లో డిప్యూటీ కలెక్టర్ స్థాయి అధికారికి చేరాలి. ఇళ్లకు డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించకూడదు. గడువు దాటి ఉంటే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆపైన నాలుగు రెట్లు. తగాదా 60 రోజుల్లో తేలాలి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఈ బాటలో చట్టాలు మార్చుకున్నాయి, తెలంగాణలో ఇంకా 1960 చట్టమే. అయితే ఒక హెచ్చరిక. భూసేకరణ, ప్రోటోకాల్ పనుల్లో తలమునకలైన డిప్యూటీ కలెక్టరుకే ఈ ఫైళ్లూ అంటగడితే 60 రోజులు కాగితం మీదే మిగులుతాయి. విడిగా సిబ్బంది కావాలి.

బస్తీగొంతు:
సార్, తాళం తీశాక ఆ ఇంట్లోకి ఎవరు వెళ్తారో కూడా మాట్లాడండి. కోకాపేట త్రీ బెడ్రూమ్ ఫ్లాటు బోరబండ ఆటో డ్రైవరుకు రాదు. ‘ఫ్యామిలీస్ ఓన్లీ’, ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అని బోర్డు పెట్టి కులం, మతం ఆరా తీసే యజమానిని మీ నమూనా చట్టం ఒక్క మాటా అనదు. బస్తీలో ఐదు వేల గదికి కాగితమే ఉండదు. రాతపూర్వక ఒప్పందం లేనివాడు ఏ అధికారి దగ్గరికి పోతాడు?

ప్రభుత్వమే కట్టిన ఇళ్ల సంగతి ముందు తేల్చండి. నగరం అంచున కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూమ్ ఇళ్లు, ఒక్కోటి 560 చదరపు అడుగులు, 2023 జూన్‌లో ప్రారంభించారు. తీరా తనిఖీల్లో తాళం వేసినవీ, నిబంధనకు విరుద్ధంగా అద్దెకిచ్చినవీ బయటపడ్డాయి. పొద్దున 6 గంటలకు బంజారాహిల్స్‌లో గిన్నెలు తోమాల్సిన మనిషి కొల్లూరులో ఎట్లా ఉంటది? మళ్లా పాత బస్తీకే వచ్చి అద్దె కడతది. ఆమెది మోసం కాదు, బతుకుతెరువు. నోటీసులిచ్చి ఇల్లు గుంజుకుంటే ఆమెకు రెండూ పోతాయి.

పట్నంవాసి:
ఇది ఒప్పుకుంటాను. 2020లో కేంద్రం తెచ్చిన అందుబాటు అద్దె గృహాల పథకంలో దీనికి ఒక నమూనా ఉంది. ఖాళీగా పడున్న ప్రభుత్వ ఇళ్లను బాగుచేసి 25 ఏళ్లు అద్దెకు నడపొచ్చు. చండీగఢ్‌లో 2,195 ఇళ్లు అలా మార్చారు. కొల్లూరులో వద్దన్నవాళ్ల నుంచి ఇల్లు వెనక్కి తీసుకుని, సిటీలో పనికి దగ్గరగా అంతే అద్దె సాయం ఇవ్వాలి. ఆ ఇంటిని పటాన్‌చెరు ఫ్యాక్టరీ కార్మికులకు అద్దెకివ్వొచ్చు. వాళ్లకు కొల్లూరు దగ్గరే.

లెక్కలపద్దు:
మరి ప్రైవేటు ఇల్లు ఖాళీ అని ఎట్లా పట్టుకుంటారు? నీటి మీటరుతో కాదు. చాలా అపార్ట్‌మెంట్లలో అందరికీ కలిపి ఒకటే కనెక్షన్. కరెంటు మీటరొక్కటే ఫ్లాటుకు విడిగా ఉంటుంది. అదీ ఒక ఫ్రిజ్ ఆన్ చేసి పోతే మోసపోతుంది. వాంకూవర్‌లో ప్రతి యజమానీ ఏటా స్వయంగా ప్రకటన ఇవ్వాలి, ఇవ్వకపోతే ఖాళీ కిందే లెక్క. ఇక్కడా ప్రకటన అడిగి, ఆరు నెలల కరెంటు యూనిట్లతో సరిపోల్చి, తేడా ఉన్నచోటే మనిషిని పంపాలి.

నల్లకోటు:
మినహాయింపులు కూడా ఇప్పుడే రాసుకోండి. యజమాని చనిపోయి వారసత్వం తేలని ఇల్లు, కోర్టు స్టే ఉన్న ఇల్లు, మరమ్మతుల్లో ఉన్న ఇల్లు. ఓసీ (నివాసానికి అనుమతిచ్చే ధ్రువపత్రం) రాని టవర్ దగ్గరే చిక్కు. మినహాయిస్తే బిల్డరుకు ఓసీ తెచ్చే తొందర ఉండదు, మినహాయించకపోతే అప్పు చేసి కొన్నవాడు నలిగిపోతాడు. ఓసీ వచ్చేదాకా ఆ పన్ను నోటీసు బిల్డరు పేరునే వెళ్లాలి.